ఎడమ పెడలు

కిందటి వారం మా అపార్టుమెంటు లిఫ్టు ఆగిపోతే బాగుచేయడానికి ఒక నడివయసు మెకానిక్కు వచ్చాడు. మెట్ల దగ్గర పాత పేపరు పరిచి, ఏవో ఇనుప సామాన్లు దాని మీద పెట్టుకుని, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. కలకత్తా సాల్ట్ లేక్‌లో కిరసనాయిలు వాసన తగిలి ఎన్నేళ్లయిందో! కూరగాయల సంచీ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పావుగంట చూసి, దిదీ, మీకేమైనా కావాలా అని బెంగాలీలో అడిగాడు పాపం. ఏమీ వద్దన్నాను గాని కదల్లేదు. నిజం చెప్పాలంటే అతను ఏ సామాను తీసి ఏ సామాను పెడుతున్నాడో కనిపెడుతున్నాను. లిఫ్టు నా సొత్తు కాదు, దాని సామాన్లలో ఒక్కదాని పేరైనా నాకు తెలియదు. అయినా ఈ కాపలా బుద్ధి పదేళ్ల వయసులో పట్టుకుంది, ఇంక వదలదు.

ఆ కాపలాకి నన్ను పెట్టింది మా నాన్న. మా వాళ్లది శ్రీకాకుళం వైపు. తాత కాలం నుంచి ఇంట్లో మగవాళ్లంతా కలకత్తా మునిసిపాలిటీ నీళ్ల పనిలోనే ఉన్నారు. నాన్న మెటియాబ్రుజ్ దగ్గర ఒక పంపుహౌసులో పైపు ఫిట్టరు. నది గట్టుకు దగ్గరగా, మునిసిపాలిటీ క్వార్టర్లలో ఒకటిన్నర గది మాది. ఆయనకు మంచి పనివాడని పేరు, అంతకంటే పెద్ద పేరు అనుమానం మనిషని. పాలవాడు పాలు పోస్తే బొటనవేలి గోరు మీద చుక్క వేసుకుని అది జారే తీరు చూసేవాడు. చేపల బజారులో పులస మొప్పలు విప్పి చూసింది చాలక త్రాసు పళ్లెం ఎత్తి దాని అడుగు తడిమేవాడు. చలికాలంలో అమ్మ అరిసెలకని ఖర్జూర బెల్లం తెప్పిస్తే, ముక్క విరిచి నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఇందులో పంచదార ఎంత కలిసిందో తేలేదాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ కాలంలో రోజూ కరెంటు పోయేది కదా, అది కూడా మా వరసకే ఎక్కువసేపు పోతోందని, ఎదుటి వరసవాళ్లకి ఆఫీసులో ఎవరో తెలిసినవాడున్నాడని ఆయన గట్టి నమ్మకం. "మీ నాన్నకి తూరుపున పొద్దు పొడిసినా, పొడిపించినోడెవుడో కనుక్కుంటే గానీ ముద్ద దిగదు" అనేది అమ్మ, చింతపండు పులుసు కలుపుతూ.

ఇంతమందిని అనుమానించిన మనిషి నన్ను మాత్రం అనుమానించలేదు. ఎందుకో నాకూ తెలియదు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా నా వైపు తిరిగి "నువ్వు సూసినావా?" అని ఒక్క మాట అడిగేవాడు. చూశానంటే చూసినట్టే, లేదంటే లేనట్టే. అమ్మ మీద ఒట్టు వేయమని కూడా అనేవాడు కాదు. తన ట్రంకు పెట్టె తాళంచెవి మేకుకి తగిలించి ఉండేది, దాన్ని తాకే హక్కు నా ఒక్కదానికే. అన్నయ్యలు దానికి ఉడుక్కునేవారు. నేను తల ఎత్తుకుని తిరిగేదాన్ని, చెప్పొద్దూ.

నాలుగో తరగతి ఎండాకాలం సెలవుల్లో సైకిలు వచ్చింది. పంపుహౌసులో ఓవర్సీరుగా చేసిన ఒక ఆంగ్లో ఇండియన్ దొర ఉద్యోగం మానుకుని ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, తన బంగళా కుళాయిలన్నీ పదిహేనేళ్లు బాగుచేసి పెట్టినందుకు, గోదాములో పడి ఉన్న తన పాత సైకిలు నాన్నకి ఇచ్చేశాడు. వేరేవాడైతే దండం పెట్టి తెచ్చుకుంటాడు. నాన్నకి రెండు రోజులు నిద్ర లేదు. ఊరికే ఎందుకిచ్చినట్టు? దొంగసొత్తా? పోలీసు కేసేమైనా ఉందా? మూడో రోజు వెళ్లి, ఇది నా ఇష్టపూర్తిగా ఇస్తున్నానని దొర చేత కాగితం రాయించుకుని, సంతకం చాలదని ఆఫీసు ముద్ర కూడా వేయించుకుని, అప్పుడు నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు.

పాలవాళ్లు క్యాన్లు కట్టుకు తిరిగే బరువు సైకిలు కాదు అది. ఇంగ్లండులో తయారైన రోడ్డు సైకిలు. సన్నటి గొట్టాలు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, ఒక్క చేత్తో ఎత్తగలిగేంత తేలిక. అయితే రంగంతా పెచ్చులూడి, చైను తుప్పుతో బిగుసుకుపోయి, తోలు సీటు అంచుల్ని ఎలుకలు కొరికేసి ఉన్నాయి. అమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దీన్ని బాగుచేయడం కంటే ఇంకో పెళ్లాన్ని తెచ్చుకోవడం సులువని చెప్పి లోపలికి పోయింది. నాన్న నవ్వలేదు. పద్దెనిమిదేళ్లకి ఊరి నుంచి వచ్చిన కొత్తలో, తెల్లవారుజామున మైదాను పక్క రోడ్డు మీద భుజాన పైపు మోసుకుంటూ వెళుతుంటే, ఇలాంటి సైకిళ్ల మీద నలుగురు సుర్రుమని పక్కనుంచి దూసుకుపోయారట. వాళ్లు కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాడట. ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ సైకిలు తుడుస్తూ, నా మొహం చూడకుండా.

బాగుచేయించాలి సరే, ఎవరి చేత? విదేశీ సైకిలు మెకానిక్కు చేతిలో పెడితే లోపలి అసలు సామాను తీసేసి నాటు సామాను వేసేస్తారని, పైకి ఏమీ తేడా తెలియదని మా పేటలో అందరూ చెప్పుకునేవారు. గడియారం బాగుచేయించినా సరే, దుకాణం ముందు స్టూలు వేసుకుని కూర్చుని కళ్లార్పకుండా చూసి మరీ ఇంటికి తెచ్చుకోవడం అక్కడి పద్ధతి. నాన్నకి డ్యూటీ. అన్నయ్యల్ని పంపితే బంతి వెనకాల పోతారు. అందుకని బడి నుంచి రాగానే నన్ను కూర్చోబెట్టాలని నిర్ణయమైంది. "ఆడి సేతులు సూడు. మొకం సూడకు, మొకాలు మంచివే ఉంటాయి" అని చెప్పి పంపాడు.

ఆ మెకానిక్కు హారు కాకా, కాకా అంటే బాబాయి. దర్జీల కార్ఖానా గోడకి ఆనించి, ఫుట్‌పాత్ మీద ఒక చెక్కపెట్టె, పైన టార్పాలిన్, అదే దుకాణం. గోడ అవతల రోజంతా కుట్టుమిషన్ల గరగర, ఇవతల ఆయన సుత్తి చప్పుడు. సన్నటి మనిషి, ముక్కు చివరకి జారిన కళ్లద్దాలు, చెవి మీద బీడీ. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఆ చెక్కపెట్టె మీదే బతకాలి. నన్ను ఎందుకు పంపారో మొదటి రోజే కనిపెట్టేశాడు. కోప్పడలేదు. పోలీసు ఇన్‌స్పెక్టర్ని బెంగాలీలో దారోగా అంటారు, నాకు దారోగాబాబు అని పేరు పెట్టి, గ్రీజు డబ్బా బోర్లించి దాని మీద పాత గోనె పరిచి కూర్చోమన్నాడు.

ఆ వానాకాలమంతా ఆ డబ్బా మీదే గడిచింది. సైకిలుని విప్పడానికే పది రోజులు పట్టింది. బేరింగు గోళీలన్నీ ఎనామిలు పళ్లెంలో కిరసనాయిలు పోసి వేసేవాడు, అవి గలగలమంటూ నల్లటి మడ్డి వదిలి వెండిలా తేలేవి. ఇసుక కాగితంతో రంగు గీకుతుంటే ఒకదాని కింద ఒకటి మూడు రంగులు బయటపడ్డాయి, అట్టడుగున ముదురు ఆకుపచ్చ. అదే అసలు రంగని చెప్పి, చిన్న కుంచెతో మూడు పూతలు వేసి, పూత పూతకీ మధ్య దుమ్ము పడకుండా పాత దోమతెర కప్పేవాడు. సీటు తోలుకి ఆముదం రాసి రాసి మెత్తబరిచాడు. వాన వస్తే వీధిలో మోకాలిలోతు నీళ్లు, దుకాణం సామానంతా పెట్టె మీదకి ఎక్కించుకుని, పైన నేను, కింద నీళ్లలో ఆయన, ఇద్దరం మూడీ పచ్చిమిరపకాయ తినేవాళ్లం. మూడీ అంటే మన మరమరాలే, ఆవనూనె వేసి కలుపుతారు.

మధ్యమధ్యలో ఆయన నాకు పని చెప్పేవాడు. చెప్పడం కూడా ఇన్‌స్పెక్టరుకి రిపోర్టు ఇచ్చినట్టే. ఒకరోజు పెడళ్లు తీస్తూ, ఖుకీ, ఇది చూడు అన్నాడు. చిన్నపిల్లల్ని అలా పిలుస్తారు అక్కడ. కుడి పెడలు అన్ని మరల్లాగే తిరుగుతుంది. ఎడమ పెడలు మాత్రం తిరగేసి ఉంటుంది. కుడిదాన్ని ఏ వైపు తిప్పితే ఊడుతుందో, ఎడమదాన్ని అటు తిప్పితే బిగుస్తుంది. అలా లేకపోతే తొక్కే కాలి ఒత్తిడికి అదే ఊడి పడిపోతుందట. పానా నా చేతికిచ్చి నా చేతే తిప్పించాడు. ఊడి వచ్చింది. ఆ రోజు ఇంటికి గెంతుకుంటూ పోయాను.

కాని ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. నాన్న అడిగేది వేరే. రోజూ సాయంత్రం ఆయన స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చుంటే, ఇవాళ ఏమేం విప్పాడు, ఏది ఎక్కడ పెట్టాడు, ఎవరెవరు వచ్చారు, అన్నీ ఒప్పజెప్పాలి. అంతా సవ్యంగా ఉందంటే ఆయన మొహంలో ఏదో వెలితి కనబడేది. అందుకని నేను తప్పులు వెతకడం మొదలుపెట్టాను. హారు కాకా ఏదో జేబులో వేసుకున్నాడని ఒకరోజు చెప్పాను. మర్నాడు నాన్న పనిగట్టుకుని వెళ్లి జేబు చూపించమంటే అగ్గిపెట్టె బయటపడింది. సిగ్గుపడాల్సింది పోయి, అగ్గిపెట్టె కింద ఇంకేమైనా ఉందేమోనని నాకు లోపల పీకుతూనే ఉంది. అనుమానానికి అంత రుచి ఉందని అప్పుడే తెలిసింది నాకు.

ఆకుపచ్చ రంగు ఆరాక, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం చాలదనిపించింది హారు కాకాకీ నాన్నకీ. వెనక చక్రానికి అయిదు పళ్లచక్రాల గేరు పెడితే వంతెనలు ఎక్కేటప్పుడు సుఖంగా ఉంటుందని హారు కాకా అన్నాడు. పాత సామాన్ల బజారంతా తిరిగి, ఎవరో విప్పి పారేసిన గేరు ఒకటి తెచ్చి, దానికి సరిపోయేలా వెనక ఇరుసు పట్టే చోటు వెడల్పు చేసి, బరువు ఇనుప రిమ్ముల బదులు తేలిక రిమ్ములు వేసి, కొత్త బ్రేకు తీగలు లాగాడు. తీసేసిన పాత సామాను ప్రతి ముక్కా గుడ్డలో మూట కట్టి నా చేతికిచ్చి పంపాడు. నాన్న ఆ మూట విప్పి ముక్క ముక్కా చూసుకున్నాడు. విశ్వకర్మ పూజ నాటికి సైకిలు నిలబడింది. ఆ రోజు పనిముట్లు ఎవరూ ముట్టుకోరు. ఆకాశం నిండా గాలిపటాలు, చెక్కపెట్టె మీద చిన్న విగ్రహం, పక్కన బంతిపూల దండ వేసుకుని మా సైకిలు. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తుంటే కాపలాదారుగా నాకు ఛాతీ పొంగింది.

పూజ అయిన ఆదివారం, బ్రేకులు సరిచూడటం ఒక్కటే మిగిలి ఉండగా, నాన్న ఒక్కరోజుకని సైకిలు ఇంటికి తెచ్చుకున్నాడు. అన్ని ముక్కలూ చూసుకున్నాడు గాని, పెడళ్ల ఇరుసులు ఇంగ్లండువా నాటువా అన్నది మిగిలిపోయింది. ఇరుసు చివర ముద్ర ఉంటుందని ఎవరో చెప్పారట. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను కుళాయి దగ్గర బిందె నింపుకుని వచ్చేసరికి, ఆయన వరండాలో సైకిలు పడుకోబెట్టి, పంపుహౌసు నుంచి తెచ్చిన పెద్ద పైపు పానా ఎడమ పెడలుకి వేసి తిప్పుతున్నాడు. కుడి పెడలు ఊడే వైపుకి. ఇరవై ఏళ్లుగా పైపులు ఎలా తిప్పాడో అలా. అది రాకపోయేసరికి, పైపు ఫిట్టర్లు బిగుసుకున్న జాయింట్లకి చేసే పనే చేశాడు. పానా పిడికి బారెడు పైపు తొడిగి, దాని మీద ఒళ్లంతా వేసి నొక్కాడు. కర్రుమంది. పెడలు ఊడి చేతికొచ్చింది, దానితోపాటు మర ఇనుము సన్నటి తీగలు తీగలుగా ఊడి వచ్చింది.

నాన్న ఆ తీగల్ని అరచేతిలో వేసుకుని చూశాడు. "సూసినావా గుంటా, కుళ్లు సామాను పెట్టీసినాడు" అన్నాడు. బిందె నా చంకలో ఉంది. ఆయన ఏ వైపు తిప్పాడో నేను చూశాను. ఏం జరిగిందో ఆ వరండాలో నా ఒక్కదానికే తెలుసు. ఒక్క మాట చాలు. నేను బిందె లోపల పెట్టడానికి వెళ్లిపోయాను.

ఆయన తిన్నగా పేట క్లబ్బుకి పోయాడు. ఆ రోజుల్లో మొగుడూపెళ్లాల తగువు దగ్గర్నుంచి కుళాయి వరస దాకా అన్నీ అక్కడే తేలేవి. హారు కాకా ఫుట్‌పాత్ మీద కూర్చునేది కూడా క్లబ్బు వాళ్ల దయ మీదే, వాళ్లు లే అంటే లేవవలసిందే. మర్నాడు సాయంత్రం ఇద్దరినీ పిలిచారు. కరెంటు లేదు. క్యారమ్ బల్ల మీద లాంతరు, గోడ మీద గడ్డాల పెద్దమనుషుల పటాలు, తలుపు దగ్గర ఎర్రజెండా. బల్ల మధ్యలో ఆ పెడలు. హారు కాకా దాన్ని ఒక్కసారి తిప్పి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు. తాను ఇచ్చినప్పుడు బాగానే ఉందన్నాడు, అంతే. ఇంట్లో ఏం జరిగిందో ఆయన చూడలేదు కదా. సామాను మార్చేవాడు మా పేటలో అక్కర్లేదని ఎవరో వెనకనుంచి అన్నారు. క్లబ్బు సెక్రటరీని అందరూ దాదా అనేవారు, అక్కడ దాదా అంటే అన్న, ఆయన సాక్ష్యం ఏమిటని నాన్నని అడిగాడు.

నాన్న నా భుజం మీద చెయ్యి వేసి ముందుకి నెట్టాడు. "నా కూతురు రోజూ అక్కడే కూకుంది. అది అబద్ధం ఆడదు. అడగండి" అన్నాడు. ఆ గొంతులో ఉన్న ధీమా నాకిప్పటికీ వినబడుతుంది.

నేను హారు కాకా చేతుల వైపే చూశాను. అవి చెవి మీది బీడీ తీసి మళ్లీ అక్కడే పెట్టాయి. లాంతరు కేసి చూస్తూ, హారు కాకా ఏమీ మార్చలేదని, ఎడమ పెడలు తిరగేసి తిప్పాలని, నాన్న మామూలుగానే తిప్పాడని, పైపు తొడిగి నొక్కాడని, అంతా బెంగాలీలో గబగబా చెప్పేశాను. క్యారమ్ ఆడే కుర్రాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు, ఆ వెంటనే గది గదంతా నవ్వింది. మునిసిపాలిటీ ఫిట్టరుకి మర తిప్పడం రాదట! సెక్రటరీ దాదా కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వనివాళ్లం ముగ్గురమే. నాన్న పెడలు తీసుకుని, హారు కాకాకి చేతులు జోడించి, బయటికి నడిచాడు. దారిలో ఆయన ముందు, నేను పది అడుగులు వెనక.

నాన్న కొట్టలేదు, తిట్టలేదు. హారు కాకా, పెడలు దూర్చే క్రాంకు కన్ను పెద్దది చేసి లోపల ఇత్తడి గొట్టం కూర్చి కొత్త మర కోశాడు, సైకిలు రోడ్డెక్కింది. నాన్న తెల్లవారుజామున వంగిన హ్యాండిలు పట్టుకుని పోతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, కళ్లజోడు పెట్టుకున్న దొరలా ఉన్నాడని మురిసిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఏ రిపేరు వచ్చినా ఆయన సైకిలుని హారు కాకా దగ్గర వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా డ్యూటీకి పోయేవాడు. కాపలా లేదు, మూటలు లేవు. ఇద్దరూ ఒక బీడీ పంచుకునేంత స్నేహితులయ్యారు.

ఆయనలో అనుమానం తగ్గలేదు, చోటు మారిందంతే. నా మీదకి వచ్చింది. ట్రంకు తాళంచెవి మేకు మీద నుంచి ఆయన మొలతాడుకి పోయింది. "నువ్వు సూసినావా?" అని మళ్లీ ఎప్పుడూ నన్ను అడగలేదు. అయిదో తరగతిలో లెక్కల్లో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని కాగితం చూపిస్తే, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు సెలవు పెట్టి బడికి వచ్చి, ఈ మార్కులు నిజమేనా అని మా దిదిమణిని, అంటే పంతులమ్మని, అడిగాడు. కిటికీలోంచి చూశాను నేను. తరగతి పిల్లలందరూ చూశారు. ఆ రోజు అన్నం ముట్టలేదు. నిజం చెప్పినందుకు ఇంత శిక్షా అని ఏళ్ల తరబడి ఆయన మీద కోపం పెంచుకున్నాను. చదువైంది, సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం వచ్చింది, నా జీతం కాగితం కూడా ఆయన దీపం దగ్గర పెట్టి రెండు వైపులా చూశాడు.

ఆయన రిటైరైన ఏడాది ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగేశాను. వీధిలోవాడిని నమ్మావు, నన్ను నమ్మలేదు, అబద్ధం ఆడమన్నావా ఆ రోజు అని. నాన్న మొలతాడుకున్న తాళంచెవి తిప్పుతూ కూర్చున్నాడు. మరిచిపోయాడేమో అనుకున్నాను.

"నిజం సెప్పినందుకు కాదే" అన్నాడు చివరికి. "ఆదివారం నాడు బిందట్టుకుని నిలబడ్డావు. నాను ఎటు తిప్పినానో సూసినావు. అప్పుడే నాకు సెప్పుంటే నానే ఎల్లి ఆడి సెయ్యి అట్టుకుందును గదా. సెప్పనేదు. నాను ఒప్పుకోనని అనుకున్నావు. లోకాన్నంతా అనుమానించినాను గానీ నిన్ను అనుమానించనేదు. ముందుగాల అనుమానించింది నువ్వు."

అమ్మ టీ తెచ్చింది, తాగాం, అంతే.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. దర్జీల గోడ పడగొట్టి రోడ్డు వెడల్పు చేశారు, హారు కాకా కూతురి ఊరికి పోయాడు, నాన్న సైకిలు ఆయనకే ఇచ్చి రైలెక్కించాడు. క్లబ్బు గది మీద జెండా రంగు మారింది. ఎనామిలు పళ్లెంలో గోళీలు కడిగేవాళ్లు, మెకానిక్కు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాళ్లు కనబడరు, అంతా డబ్బాలో కొత్తగా వస్తోంది. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయనకి చెప్పవలసిన జవాబు చాలా చిన్నది. భయపడ్డాను నాన్నా, నువ్వు కొడతావని కాదు, నేను చెబితే నమ్మవేమోనని. అప్పటిదాకా నేను ఏది చెప్పినా నమ్మిన మనిషివి నువ్వొక్కడివే.